మైకమ్మకు మిగిలిన మాటలు

బస్టాండులో అందరూ ఆమెను మైకమ్మ అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో పెట్టిన పేరు అది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమవుతుందో, తప్పిపోయిన పిల్ల ఎక్కడ కూర్చుని ఏడుస్తోందో, అన్నీ ఆమె గొంతులోంచే జనానికి తెలిసేవి. గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టుకుని ఆమె వయసంతా మాట్లాడుతూనే గడిపింది. ఇంటికి వచ్చాక కూడా నోరు ఊరుకునేది కాదు. భర్త బతికున్న రోజుల్లో, "మైకు కట్టేశావా, ఇంకా ఆన్‌లోనే ఉందా?" అని నవ్వేవాడు. పిల్లల్లేరు. ఆయన పోయాక ఆమె గోడలతోనూ గిన్నెలతోనూ మాట్లాడేది.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. మొదట వట్టి బొంగురన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు, చివరికి పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఊపిరి కోసం మెడ కింద రంధ్రం ఉంచారు. దాని మీద పలచటి నూలుగుడ్డ కట్టుకునేది. గొంతుకు ఆనిస్తే మాట పలికించే పరికరం ఒకటి ఇచ్చారు గాని, ఆసుపత్రిలో పుండుకు రేడియేషన్ కరెంటు పెట్టడం వల్ల మెడ చెక్కలా బిగుసుకుపోయి, అందులోంచి తుమ్మెదల రొద తప్ప మరేమీ రాలేదు. దాన్ని బీరువాలో పడేసి, చిన్నపిల్లలు రాసుకునే పలక ఒకటి కొనుక్కుంది.

మేనేజరు మంచివాడే. ఉద్యోగం తీసేయకుండా పోయిన సామాన్ల గదికి మార్చాడు. బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, చంకకర్రలు ఇనుప అరల్లో ఉండేవి. ఒక పై అరలో, సీసాలో, ఎవరివో కట్టుడు పళ్ళు కూడా ఉన్నాయి. పళ్ళు మరిచిపోయి దిగినవాడు ఇంటికెళ్ళి ఏం తిన్నాడో అని అప్పుడప్పుడు ఆలోచించేది. సామాను అడగడానికి వచ్చేవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళు కూడా ఆమె పలక మీద రాయడం చూసి, తామూ సైగలు మొదలుపెట్టేవాళ్ళు, ఆమెకు చెవులు కూడా పోయినట్టు.

అయితే ఆ గదిలో ఆమెను తినేసింది పని లేకపోవడం కాదు. గోడ మీది లౌడ్‌స్పీకర్లో రోజంతా తన గొంతే మోగుతూ ఉండేది.

జబ్బు రాకముందే ఆమె చేత ఊళ్ళ పేర్లూ అంకెలూ పొడి పొడి వాక్యాలూ చదివించి రికార్డు చేశారు. ఆ ముక్కలు అతికించి ప్రకటనలు చేసే కంప్యూటరు ఒకటి తెచ్చి పెట్టారు. బీరువా అంత ఉండేది, ఉక్కపోసినప్పుడల్లా మొరాయించేది. అది పూర్తిగా చచ్చాక, బస్టాండు మైకులూ ఆంప్లిఫయర్లూ చూసే మెకానిక్ దాని స్థానంలో పేకముక్కంత కంప్యూటరు బిగించాడు. పచ్చటి రేకు మీద నల్లటి చుక్కలు, పక్కన గోరంత మెమరీ కార్డు, ఫోన్ ఛార్జరుతో కరెంటు. అంతే.

"దానికి మునిమనవడమ్మా ఇది," అన్నాడు మెకానిక్, దాన్ని ఆమె అరచేతిలో పెట్టి. "మొత్తం బస్టాండుని నెట్టుకొస్తుంది. పాడైపోయినా బెంగ లేదు, ఇంకోటి తెచ్చుకోవడమే."

లోటేమీ లేదా అని ఆమె పలక మీద రాసి చూపించింది.

"ఎందుకు లేదు? పసివాడికి ఎంత బరువు ఎత్తుతామో దీనికీ అంతే. నాలుగు పనులు ఒక్కసారి చెబితే బిత్తరపోతుంది. ఎండ తగిలితే ఒళ్ళు కాలిపోతుంది."

ఇంకో లోటు ఆయనకూ తర్వాతే తెలిసింది. దానికి సొంత గడియారం లేదు. కరెంటు పోతే పోయినచోటే కాలం ఆగిపోయేది, వచ్చాక అక్కణ్ణించే లెక్క మొదలయ్యేది. ఒక రోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రానికి గాని రాలేదు. రాగానే అది పొద్దుటి బస్సులను పిలవడం మొదలుపెట్టింది. జనం మూటాముల్లె ఎత్తుకుని ఖాళీ ప్లాట్‌ఫారాల మీదికి పరుగెత్తారు. పిలిచింది మైకమ్మ గొంతు కాబట్టి తిట్లూ మైకమ్మకే పడ్డాయి. ఒక పెద్దమనిషి సామాన్ల గదిలోకి వచ్చి, "మైకులో వాగేది నువ్వేనా?" అని దులిపేశాడు. ఆమె మెడ గుడ్డ పక్కకు జరిపి చూపించింది. ఆయన తల వంచుకుని, పోయిన వారం తను మరిచిపోయిన గొడుగేమైనా దొరికిందా అని అడిగాడు. మర్నాడు మెకానిక్ బొత్తామంత బ్యాటరీ పెట్టి ఒక గడియారం దానికి తగిలించాడు.

మైకమ్మకు ఈ లోకంలో ఉన్నది ఒక్క అక్క. బడిలో లెక్కలు చెప్పేది, పెళ్ళి చేసుకోలేదు. నీటికాసుల జబ్బుతో చూపు సన్నగిల్లుతూ వచ్చి, ఉద్యోగం ముగిసేనాటికి పూర్తిగా పోయింది. వేరే ఊళ్ళో ఒక ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని ఉండేది. అక్కాచెల్లెళ్ళకు ఆదివారం ఫోనే పండగ. ఇదివరకు మైకమ్మ గంటలకొద్దీ చెబుతుంటే అక్క ఊ కొట్టేది. చెల్లెల్ని చిన్నప్పటినుంచీ వసపిట్టా అనే పిలిచేది. ఇప్పుడు అక్క మాట్లాడాలి, చెల్లెలు ఫోను మీద గోటితో కొట్టాలి. ఒక దెబ్బకు అవును, రెండు దెబ్బలకు కాదు.

"ఇదేం మాట్లాడుకోవడమే?" అంది అక్క ఒక ఆదివారం. "వసపిట్టవి కాస్తా వడ్రంగిపిట్టవయ్యావు. నాలో నేనే గొణుక్కుంటున్నట్టుంది. ఇంటావిడ తలుపు సందులోంచి చూస్తోందేమో కూడా."

మెసేజీ పంపవచ్చు, కాని అక్కకు దాన్ని ఇంటావిడ చదివి పెట్టాలి. ఆవిడ చదివేటప్పుడు వీధంతా వినపడేది, మధ్యలో సొంత వ్యాఖ్యానం కూడా ఉండేది. "మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడుగుతోంది మీ చెల్లెలు. అదేంటి టీచరుగారూ, నొప్పులని నాకు చెప్పనే లేదు?" ఆ తర్వాత మైకమ్మ బాగున్నావా, బాగున్నాను తప్ప ఇంకేమీ రాయలేదు. ఆదివారాలు పొట్టివైపోయాయి.

ఆమె ఈ సంగతి పలక నిండా రాసి, చెరిపి, మళ్ళీ రాసి మెకానిక్‌కు చెప్పింది. ఆయన తల గోక్కుని, "నా మీద వదిలెయ్యండమ్మా," అన్నాడు. ఏ పనికైనా ఆయన మొదటి మాట అదే.

కొన్నాళ్ళకు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. లోపల బస్టాండులో ఉన్నలాంటి చిన్న కంప్యూటరే ఉంది. దానికో స్పీకరు, పాత కీబోర్డు తగిలించాడు. ఫోన్ తెర మీద అక్షరాలు త్వరగా వెతుక్కోలేని మైకమ్మకు కీబోర్డు మీద వేళ్ళు బాగానే ఆడేవి. తెలుగులో ఏది కొడితే దాన్ని డబ్బా పైకి చదివేది. గొంతు మాత్రం ముక్కుతో మాట్లాడే మగమనిషిది. హెచ్చుతగ్గుల్లేకుండా, ఎక్కం ఒప్పజెబుతున్నట్టు ఉండేది.

ఆ ఆదివారం మెకానిక్ పక్కనే కూర్చుని ఫోను కలిపాడు. మైకమ్మ ఆత్రంగా కొట్టింది. "అక్కా నేను మాట్లాడుతున్నాను," అంది డబ్బా.

"మాకు అప్పులేం వద్దు నాయనా," అని అక్క ఫోను పెట్టేసింది.

మళ్ళీ చేశారు. "చెప్పాను కదా, వద్దని. ఆడకూతుళ్ళున్న ఇంటికి ఊరికే ఫోన్లు చేస్తారేం?"

మెకానిక్ నవ్వు ఆపుకోలేకపోయాడు. మైకమ్మ కూడా భుజాలు కుదిపి నవ్వింది, శబ్దం లేకుండా. తర్వాత డబ్బా వైపు చాలాసేపు చూసి, పలక మీద రాసింది: నా గొంతు బస్టాండులో ఉంది కదా, దాన్ని ఇందులో పెట్టలేరా?

పెట్టాడు. రికార్డు చేసిన ముక్కలన్నీ కార్డులో ఎక్కించి, మొదటి రెండక్షరాలు కొడితే ఆ ముక్క పలికేట్టు చేశాడు. తర్వాతి ఆదివారం అక్క ఫోను ఎత్తగానే డబ్బా అంది: "ప్రయాణికులకు విజ్ఞప్తి."

మైకమ్మ మళ్ళీ నొక్కింది. "దయచేసి వినండి."

"వసపిట్టా?" అంది అక్క. ఆ తర్వాత ఆమె ముక్కు ఎగబీల్చడం చాలాసేపు వినిపించింది.

ఆ కొన్ని నెలలూ బాగా గడిచాయి. ఉన్న మాటలు కాసినే అయినా, వాటితో ఎంత చెప్పవచ్చో ఇద్దరూ నేర్చుకున్నారు. ఇంటావిడ కబుర్లు చెబుతుంటే మైకమ్మ, "జేబుదొంగలున్నారు జాగ్రత్త," అనేది. అక్క నవ్వలేక చచ్చేది. మందు వేసుకోవడం మరిచానని అక్క అంటే, "మీ సామానుకు మీరే బాధ్యులు." ఫోను ఆలస్యంగా చేస్తే, "అసౌకర్యానికి చింతిస్తున్నాము." ఎలా ఉన్నావే అంటే, "బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది." ఆ జవాబు విని అక్క, "అప్పుడే ఎక్కడికే, నేనింకా ఉండగా?" అని కసిరింది.

ఒకనాడు అక్క అడిగింది, "అన్నీ అంటున్నావు గాని, ఒక్కసారి అక్కా అనవే. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయింది?"

ఆ రికార్డుల్లో ఆ మాట లేదు. బస్టాండులో అక్కలతో పనేముంది? మెకానిక్, "నా మీద వదిలెయ్యండి," అని, "అక్కడ ఉన్న కౌంటరు" అనే ముక్కలోంచి మొదటి భాగం కోసి తెచ్చాడు. వింటే వెక్కిలి వచ్చినట్టుంది. చివర సాగదీస్తే మేక అరిచినట్టుంది. ఆయన రెండు రోజులు కుస్తీపట్టి, చెమట తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు.

"కావాలంటే మీ గొంతు నమూనా తీసుకుని, ఏ మాటైనా అదే గొంతుతో పలికించే ఏర్పాట్లు ఉన్నాయిటమ్మా. కానీ అవి ఎక్కడో ఉండే పెద్ద మిషన్లు. ఇది మోయలేదు. ఉన్న ముక్కలు అతికించమంటే అతికిస్తుంది, లేని మాట పుట్టించమంటే దీని వల్ల కాదు. నేనే తొందరపడి మాటిచ్చాను."

పర్లేదని ఆమె రాసింది. ఆ ఆదివారం అక్క మళ్ళీ అడగలేదు. అడగకపోవడమే మైకమ్మకు కష్టంగా తోచింది.

ఎండలు ముదిరేవేళకు అక్క అద్దెకున్న ఇల్లు అమ్ముడైంది. కొన్నవాళ్ళు పడగొట్టి కొత్తది కడతారట. చూపులేని ఆడవాళ్ళ వసతిగృహం ఒకటి ఉందనీ, తన దగ్గర చదువుకున్న పిల్లే దాన్ని నడుపుతోందనీ అక్క చెప్పింది.

"అదొకటి. లేదంటే... నీ దగ్గరికి రానా వసపిట్టా? నా వంట నేను తడుముకుంటూ చేసుకోగలను. నీకు భారం కాను. చెప్పు, రానా?"

మైకమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. రమ్మనే ఆమె మనసు. కాని తనవి రెండో అంతస్తులో రెండు గదులు, మెట్లకు ఒకవైపే కమ్మీ. తను సైగ చేస్తే అక్కకు కనపడదు. అక్క పడిపోతే తను కేకవేసి ఎవరినీ పిలవలేదు. వేడిగిన్నె ఉంది జరుగు అని చెప్పాలన్నా డబ్బా దగ్గరికి పరుగెత్తాలి, వెళ్ళినా అందులో గిన్నె అనే మాటే లేదు. రా, కాని నాకు భయంగా ఉంది, కొన్ని రోజులు ఆగు, కింద ఇల్లేదైనా చూస్తాను. ఇదంతా చెప్పాలి. ఆమె గొంతు దగ్గర ఇందులో ఏ ఒక్కటీ లేదు. అవతల అక్క ఊపిరి వినపడుతోంది. కంగారులో దగ్గరగా అనిపించిన ముక్కను నొక్కింది.

"తదుపరి ప్రకటన వరకు వేచి ఉండగలరు," అంది డబ్బా, స్పష్టంగా, మర్యాదగా, కౌంటరు మూసేసే మనిషిలా.

"సరేలేవే," అంది అక్క. "అర్థమైంది."

మైకమ్మ గోటితో ఫోనును రెండుసార్లు కొట్టింది, మళ్ళీ రెండుసార్లు. లైను అప్పటికే తెగింది. తిరిగి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. తర్వాతి ఆదివారం ఇంటావిడ ఎత్తి, "టీచరుగారు పడుకున్నారు," అంది. అక్క పగలు పడుకునే మనిషి కాదు.

ఆమె సెలవు పెట్టి బస్సెక్కింది. డబ్బా తీసుకెళ్ళలేదు. తనదే అయిన ఆ గొంతు మీద ఆమెకు కోపం వచ్చింది.

అక్క గదిలో సామాను సగం అట్టపెట్టెల్లోకి చేరింది. అక్క మంచం మీద కూర్చుని చీరలు తడిమి మడతలు పెడుతోంది. అడుగుల చప్పుడు విని, "ఎవరూ?" అంది. మైకమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. అక్క చెయ్యి చాచి ఆమె మొహం, తర్వాత మెడ, మెడ మీది గుడ్డ తడిమింది. ఆపరేషను తర్వాత వాళ్ళు కలుసుకోవడం అదే మొదలు.

"ఇంత సన్నబడ్డావేమే?" అంది.

మైకమ్మ అక్క అరచేతిని తెరిచి, చూపుడువేలితో ఒకే అక్షరం రాసింది: రా. అక్కకు మొదట చక్కిలిగింతలయ్యాయి. రెండోసారికి అర్థమైంది. ఎన్ని వేల పలకలు దిద్దిన చెయ్యో అది. ఆ మధ్యాహ్నం మైకమ్మ రాస్తూ పోయింది, అక్క ఒక్కొక్క మాటా పైకి చదువుకుంటూ పోయింది. మెట్ల సంగతి, భయం సంగతి, కింద ఇల్లు వెతుకుతానన్న సంగతి. తప్పు చదివితే మైకమ్మ అరచేతిని తన చేత్తో తుడిచేసి మళ్ళీ రాసేది. అంతా అయ్యాక అక్క ఆ చేతిని మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"కోపం వచ్చిన మాట నిజమే. రెండు రోజులకి పోయింది. ఆ తర్వాత ఆలోచించాను. నేను రానే."

మైకమ్మ మళ్ళీ ఆ చెయ్యి అందుకోబోయింది. అక్క ఇవ్వలేదు.

"విను. నాకు చీకటి అలవాటైపోయింది. చీకట్లో ఎవరో ఒకరు మాట్లాడుతుంటే ఆ మాట పట్టుకుని తిరుగుతాను. మీ ఇంట్లో నువ్వు ఏ గదిలో ఉన్నావో కూడా నాకు తెలియదు. అసలు ఉన్నావో లేదో తెలియదు. చీకటీ నిశ్శబ్దమూ రెండూ కలిసి నా వల్ల కాదు. అక్కడైతే పదిమందీ పోట్లాడుకుంటుంటారు. నాకదే కావాలి."

ఆ మాటకు మైకమ్మ గుండె చివుక్కుమంది. దాని వెనకే, అడక్కుండానే, కాస్త తేలిక కూడా వచ్చింది. ఆ తేలికకు ఆమె సిగ్గుపడింది. చూపున్న అక్క అయితే ఆ రెండూ మొహంలో పట్టేసేది. ఆమె ఏమీ రాయలేదు. సెలవున్న రెండు రోజులూ సామాను సర్దింది, అక్కను వసతిగృహంలో దింపింది. అక్కడ హాల్లో ఒకావిడ పాడుతోంది, ఇంకొకావిడ ఆపమని అరుస్తోంది. అక్క మొహం అటు తిరిగింది. మైకమ్మ తిరుగు బస్సెక్కింది.

వచ్చిన మర్నాడే మెకానిక్‌ను పిలిచి పలక చూపించింది: ఆ ముక్కు గొంతు మళ్ళీ పెట్టండి.

"అక్కగారు ఫోను పెట్టేశారు కదమ్మా. మీ గొంతు వదులుకుంటారా?"

నా గొంతుకు ప్రయాణికులే తెలుసు, అని రాసిందామె. ఆయన స్క్రూడ్రైవరు తీశాడు. ఒకే డబ్బాలో రెండు గొంతులూ ఉంచుదామనుకున్నాడు, కాని ఒకదాన్నించి ఇంకోదానికి మారేటప్పుడు అది బిగుసుకుపోయేది. చివరికి ఒకటే ఉంచారు.

ఈసారి మగగొంతు వినపడినా అది తనేనని, ఫోను పెట్టెయ్యొద్దని ముందుగా వసతిగృహం నడిపే అమ్మాయితో కబురు చెప్పించింది. ఆదివారం అక్క ఫోను దగ్గర సిద్ధంగా కూర్చుంది. మైకమ్మ కొట్టడం మొదలుపెట్టింది. ఆమె కొడుతున్నంతసేపూ అక్క నోరు మెదపకుండా ఎదురుచూసింది.

"అక్కా," అంది డబ్బా, ముక్కుతో. "నువ్వు రానన్నప్పుడు నాకు బాధ వేసింది. కాస్త ఊరట కూడా కలిగింది. ఆ రెండోది నీకు చెప్పకుండా వచ్చేశాను."

అవతల వెనక ఎవరో కుర్చీ జరిపారు.

"తెలుసులే," అంది అక్క. "నువ్వు రెండోసారి అడగనప్పుడే తెలిసింది. నేను మాత్రం? నువ్వు గట్టిగా పట్టుపడితే ఎలా తప్పించుకోవాలా అని హడలిపోయాను."

మైకమ్మ కళ్ళు తుడుచుకుని కొట్టింది. "మరి నా చెయ్యి ఎందుకు లాక్కున్నావు?"

"నీ చెయ్యా? అది నా చెయ్యే, నా ఇష్టం." అక్క నవ్వింది. "ఎవడి గొంతో ఇది, వినడానికి చేదుగా ఉంది. దెప్పడం మాత్రం అచ్చం నీదే. కానివ్వు, ఇంకా చెప్పు."

ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక్కొక్క వాక్యానికీ మధ్య అక్క ఓపిగ్గా ఆగింది. అక్కడి వాళ్ళ సంగతులు చెప్పింది: మంచం పక్కావిడ గురకపెడుతుందట, పాడే ఆవిడకు శ్రుతి లేదట, ఇద్దరికి లెక్కలు నేర్పడం మొదలుపెట్టిందట. అవతల ఎవరో అన్నానికి పిలిచారు. అక్క, "వస్తున్నా," అని అటు కేకేసి, ఇటు, "ఉంటానే," అంది.

మైకమ్మ ఫోను పక్కన పెట్టింది. కీబోర్డు మీద చేతులు అలాగే ఉన్నాయి. ఇంకా చెప్పాల్సింది ఏదో మిగిలినట్టు ఒక వాక్యం సగం కొట్టింది. డబ్బా దాన్ని చదివేలోపు చెరిపేసి, తీగ ఊడబెరికింది. ఖాళీ ఇంట్లో ఆ గొంతు వినడం ఆమెకు ఇష్టం లేదు. కిందింటి కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. లేచి, ఒక మనిషికి సరిపడా వంట మొదలుపెట్టింది.